చెప్పినవారు

టీచరమ్మ గారు పోయారన్న కబురు నాకు ఒక గులాబీ పువ్వు కింద దొరికింది. మా ఊరి వాట్సాప్ గ్రూపులో తెల్లారగానే ఎవరో శుభోదయం అంటూ గులాబీ పెట్టారు. దాని కింద ఇంకెవరో ‘మన టీచరమ్మ గారు నిద్రలోనే కన్నుమూశారు’ అని పెట్టారు. ఆ కింద దండాలు, మళ్లీ దండాలు, నడుమ ఇవాళ యార్డులో మిరపకాయల రేటెంత అని అడిగిన ఒక పెద్దమనిషి, ఆయనకు జవాబు, మళ్లీ దండాలు. అప్పుడే షాపు తెరిచి మిషన్ ఆన్ చేసిన నేను స్టూలు మీద కూలబడ్డాను. ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది. ఇది రాస్తున్నప్పుడు కూడా ఆ మంట తగ్గలేదు. పోయినవాళ్ల గురించి నాలుగు మంచి మాటలు నెమ్మదిగా చెప్పుకోవడం మర్యాద అంటారు. మంచి మాటలు చెబుతాను. నెమ్మదిగా చెప్పడం మాత్రం నా వల్ల కాదు.

మధ్యాహ్నానికల్లా అదే గ్రూపులో ఒక బొమ్మ వచ్చింది. అస్తమిస్తున్న సూర్యుడు, ఎగిరే కొంగలు, పైన ‘టీచరమ్మ గారి ఆణిముత్యాలు’ అని బంగారు రంగు అక్షరాలు. చిరునవ్వు గురించి ఒకటి, ఓర్పు గురించి ఒకటి, క్షమించడం గురించి ఒకటి. వాటిలో ఒక్కటీ ఆవిడ అన్నది కాదు. బతికుండగా రోజుకో ముక్క చొప్పున ఆవిడ ఊరందరి కళ్లెదుట రాసిపెడితే ఒక్కటీ గుర్తుపెట్టుకోని వాళ్లు, పోయిన పూటే ఆవిడ నోట్లో ఎక్కడివో మాటలు కుక్కారు. అందరూ ఆహా అన్నారు. మా ఇంట్లోవాళ్లూ అన్నారు.

నాది ఫ్లెక్సీల షాపు. వినుకొండ వెళ్లే రోడ్డు మీద మా ఊరి బస్ షెల్టరుకు ఆనుకుని ఉంటుంది. పెళ్లిళ్లు, పుట్టినరోజులు, నాయకుల రాకలు, పోయినవాళ్లకు శ్రద్ధాంజలులు, అన్నీ నా మిషన్‌లోంచే వస్తాయి. ఫ్లెక్సీలు రాకముందు కుంచె పట్టుకుని గోడల మీద బోర్డులు రాసేవాణ్ని. ఆ షెల్టరు పక్కగోడ మీద బడి బోర్డంత మేర నున్నగా పూయించి నల్లరంగు వేసింది నేనే. వెలిసిపోయినప్పుడల్లా మళ్లీ వేసిందీ నేనే. ఆ నల్లబల్ల మీద రాసింది ఆవిడ.

మా ఊరి పక్క పాలెం బడిలో టీచరుగా రిటైరయ్యాక ఆవిడ ఊరికే కూర్చోలేకపోయారు. పొద్దున మొదటి బస్సు రాకముందే వచ్చేవారు. చేతిలో నల్ల గొడుగు, తడిగుడ్డ, పిప్పరమెంటు డబ్బాలో సుద్దముక్కలు. ముందు నిన్నటిది శుభ్రంగా తుడిచేవారు. బల్ల ఆరేదాకా నా షాపు ముందు నిలబడి, నేను ఆరబెట్టిన ఫ్లెక్సీల్లో తప్పులు వెతికేవారు. ఒకసారి ఒక నాయకుడి బిరుదులో ఒత్తు పోయిందని పట్టుకున్నారు. ఎవరూ చూడరులెండి టీచర్ అన్నాను. ‘నేను చూశాను కదరా’ అన్నారు. ఆ ఫ్లెక్సీ మళ్లీ వేశాను.

బల్ల ఆరాక రాసేవారు. ఒకరోజు ఒక మాట పుట్టుక, ఒకరోజు ఒక ఊరి సంగతి, ఒకరోజు మనం చేస్తూ కూడా పట్టించుకోని ఒక అలవాటు. నాలుగైదు వాక్యాలకు మించేవి కావు. కాలేజీ పిల్లలు బస్సు కోసం నిలబడి చదివేవాళ్లు. మిరపకోతకు వెళ్లే ఆడవాళ్ల ఆటో కూడా అక్కడే ఆగేది. వాళ్లలో చదవడం బాగా వచ్చినామె గట్టిగా చదివితే మిగతావాళ్లు చేను దాకా దాని మీద వాదించుకుంటూ పోయేవాళ్లట. దుకాణం పెట్టుకున్న నాకు రోజు ఆ గొంతుతోనే మొదలయ్యేది.

ఒకరోజు మిరపకాయ గురించి రాశారు. అది మన నేలది కాదని, సముద్రం అవతలి దేశాల నుంచి ఓడల్లో వచ్చి ఇక్కడ స్థిరపడిందని, అంతకుముందు మనవాళ్లు ఘాటు కోసం మిరియాలే నూరుకునేవారని. గుంటూరు గాలి పీల్చేవాళ్ల దగ్గర అనాల్సిన మాటేనా అది? మధ్యాహ్నానికి షెల్టరు దగ్గర పంచాయతీ అయింది. మా తాతల నాటి నుంచి పండిస్తున్నాం కదా, మనది కాకపోవడమేంటని ఒక రైతు నిలదీశాడు. మీ తాతలు పండించారు, కాదనలేదు, వాళ్ల తాతల తాతల సంగతి నేను చెబుతున్నాను అని ఆవిడ జవాబిచ్చారు. ఆ పూట మా నాన్న గోంగూర పచ్చడి కలుపుకుంటూ పళ్లెం వైపు అనుమానంగా చూడటం నాకు ఇప్పటికీ నవ్వు తెప్పిస్తుంది. 

మేస్త్రీ, ఇస్త్రీ, బాల్చీ అనే మాటలూ ఆ ఓడల వాళ్ల నుంచే వచ్చాయని ఇంకోరోజు రాశారు. దాచేపల్లి వైపు ఇవాళ సిమెంటు కోసం పిండి చేస్తున్న సున్నపురాయి లాంటి పలనాటి రాయి మీదే ఒకప్పుడు అమరావతిలో బుద్ధుడి జీవితం చెక్కారని రాశారు. సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే మా ఊరి కుర్రాడు ఒకడు దాన్ని ఫొటో తీసుకుని వెళ్లాడు. సీతమ్మను ఎత్తుకుపోయిన కబురు రాముడు విన్న చోటు కాబట్టి వినుకొండ అయిందని చెబుతారని రాసి, కింద ‘ఇది కథ’ అని వేశారు. గుడి కమిటీ పెద్ద ఒకాయన వచ్చి, కథ అని ఎందుకు రాశారు, తీసేయండి అన్నాడు. ఆవిడ సుద్దముక్క పక్కన పెట్టి, కథని కథ అంటే తక్కువ చేసినట్టా అండీ, మీరు మీ మనవలకు ఏం చెబుతారు రోజూ అని అడిగారు. ఆయన వచ్చిన బస్సెక్కాడు.

ఇవన్నీ ఫోన్లోనూ దొరుకుతాయి అనేవాళ్లు ఉన్నారు. దొరకవు. ఎందుకంటే ఆవిడ రాసిన ప్రతిదాని కింద ఇంకో వరుస ఉండేది. ‘చెప్పినవారు’ అని రాసి, ఆ సంగతి తనకు ఎక్కడ తెలిసిందో రాసేవారు. గుంటూరులో తనకు పాఠం చెప్పిన లెక్చరరు కావచ్చు, పొదిలి నుంచి వచ్చిన వేరుశనగల వ్యాపారి కావచ్చు, లైబ్రరీలో ఫలానా అరలో పుస్తకం కావచ్చు, తన తల్లి కావచ్చు. ఆ వరుస లేకుండా ఏనాడూ బల్ల వదల్లేదు. ఒకసారి నేను ఉత్సాహపడి ఫోన్ పట్టుకెళ్లాను. ప్రపంచ భాషలన్నిటిలో తెలుగు లిపిదే మొదటి స్థానమని ఎక్కడో తేల్చారట, రేపు అది రాయండి టీచర్ అన్నాను. 

‘ఎవరు తేల్చార్రా?’

గ్రూపులో వచ్చిందన్నాను. గ్రూపులో ఎవరికి ఎవరు పంపారని అడిగారు. నాకేం తెలుస్తుంది? ఆవిడ ఫోన్ నా చేతికిచ్చేశారు. ‘ఎవరు చెప్పారో చెప్పలేని మాట దొంగసొత్తు లాంటిదిరా. ఇంట్లో పెట్టుకోకు’ అన్నారు. 

ఆ మాటకు అప్పుడు కొంచెం నొచ్చుకున్నాను. ఇప్పుడు మా గ్రూపులో ఆవిడ పేరు మీదే దొంగసొత్తు తిరుగుతుంటే, ఆ మాట ఆవిడ గొంతుతోనే వినపడుతోంది.

తప్పు రాసిన రోజులూ ఉన్నాయి. తెలియగానే మర్నాడు అదే చోట ‘నిన్న రాసింది తప్పు’ అని పెద్దక్షరాలతో రాసి, దిద్దినవాళ్ల పేరు కింద వేసేవారు. ఒకసారి ఏదో ఊరి పేరు గురించి ఎంత వెతికినా తేలక, బల్లంతా ఖాళీగా ఉంచి మధ్యలో ‘తెలియదు’ అని ఒక్క మాట రాశారు. దానికోసం బల్ల పాడుచేయడం ఎందుకు అంటే, తెలియదని రాయడానికి కూడా సుద్దముక్క కావాలిరా అన్నారు. మైకు దొరికితే తెలియనిది లేని నాయకుల ఫ్లెక్సీలు వేసి బతికేవాణ్ని నేను. ఆ ఒక్క మాట చూసి నా కడుపు నిండింది.

ఇక అసలు సంగతికి వస్తాను. నా కోపమంతా ఇక్కడ ఉంది.

మా బడి పాలెం అంచున ఉంటుంది. ఊళ్లో రైతుల పిల్లలం, పాలెం పిల్లలు అందరం అందులోనే చదివాం. గేటు మీద ‘ఈ పాఠశాల నిర్మాత’ అని మా తాత పేరు ఉంటుంది. మా తాత అంటే మా నాన్నకూ మా బాబాయికీ తండ్రి. బాబాయి ఊళ్లో పెద్ద రైతు. మిరప, పత్తి, ఎటు చూసినా ఆయన చేలే. జెండా పండగ వస్తే గేటు మీది పేరుకు దండ వేయించి ఉపన్యాసం ఇస్తాడు. చిన్నప్పటి నుంచి మేమంతా ఆ గేటు కింద నుంచే ఛాతీ విరుచుకుని నడిచాం.

ఒకరోజు టీచరమ్మ గారు బల్ల మీద ఇలా రాశారు. ‘మన బడి: స్థలం ఇచ్చింది ఊళ్లో ఒక రైతు. గోడలు లేపింది పాలెం ఆడవాళ్లు. వంట పూట ఎసట్లో పోసేముందు ఒక గుప్పెడు బియ్యం తీసి వేరే కుండలో వేసేవారు. ఆదివారం ఆ కుండలు చర్చికి తెచ్చి ఒక్కచోట పోసేవారు. వాటిని అమ్మి సున్నం, కలప కొన్నారు. రాళ్లు మోసిందీ వాళ్లే.’

ఆ గుప్పెడు అలవాటు పాలెంలో ఇప్పటికీ కొన్ని ఇళ్లల్లో ఉంది. బియ్యం అన్నది పేరుకే, ఆ రోజుల్లో చాలా కుండల్లో పడింది జొన్నలే. టీచరమ్మ గారు పుట్టిందీ పాలెంలోనే. ఆవిడ తల్లి గుప్పెడు పక్కన పెట్టాక మిగిలినవాటితో గంజి కాచి, ఇంకాస్త నీళ్లు కలిపి పిల్లలకు పోసేదట. అడిగితే, అది బడి ముద్ద, దాన్ని ముట్టుకోకూడదు అనేదట. పాలెంలో పెద్దవాళ్లందరికీ తెలిసిన సంగతే ఇది. ఊళ్లో మాకే తెలియదు. తెలుసుకోవాల్సిన అవసరం మాకు ఏనాడూ రాలేదు.

అయితే ఆ రోజు కింద వరుసలో మాత్రం ఎప్పుడూ లేనిది ఒకటి ఉంది. ‘చెప్పినవారు: నేను.’

బాబాయి స్కూటర్ మీద వచ్చాడు. దిగకుండానే చదివాడు. తర్వాత దిగాడు.

‘ఏంటండీ టీచరు గారూ ఇది? మా నాన్న కట్టించిన బడికి ఎవరెవర్నో వారసుల్ని చేస్తారా?’

‘స్థలం ఆయనదేనని రాశాను కదండీ. మొదటి వరుస చదవండి.’

‘ఎవరు చెప్పారు మీకీ కబుర్లు? పేర్లు చెప్పండి.’

‘నేనే చెబుతున్నాను. కిందుంది చూడండి.’

బాబాయి ఆటో దగ్గర నిలబడ్డ ఆడవాళ్ల వైపు చూశాడు. వాళ్లు తలలకు గుడ్డలు బిగించుకుంటూ నేల చూపులు చూశారు. ఆయన వెళ్లిపోయాక నేను ఊరుకోలేక అడిగాను. ఇన్నేళ్ల అలవాటు తప్పారేంటి టీచర్, మీకు చెప్పినవాళ్లు ఎంతమంది లేరు అని. ఆవిడ డబ్బా మూతపెట్టి, ‘వాళ్లు రేపు పొద్దున మీ బాబాయి చేలోకే పోవాలిరా. నా పింఛను ఆయన ఆపలేడు’ అన్నారు. గొడుగు అందుకుంటూ, ‘పేర్లు వాళ్లవి. ఎప్పుడు రాసుకోవాలో వాళ్లిష్టం. నేను జాగా వదిలానుగా’ అన్నారు. చూస్తే నిజంగానే ‘నేను’ అన్న మాట పక్కన వరుస వరుసంతా ఖాళీగా వదిలేసి ఉంది.

సాయంత్రానికి ఎవరో మనిషిని పెట్టి బల్ల మీద సున్నం కొట్టించారు. ఎవరో అనడం నా పిరికితనం కాదు, బాబాయి ఈ రోజు దాకా ఒప్పుకోలేదు కాబట్టి అలా అంటున్నాను. మర్నాడు ఆవిడ తడిగుడ్డతో వచ్చి తెల్లటి గోడ ముందు నిలబడ్డారు. తిట్టలేదు. శాపనార్థాలు పెట్టలేదు. నా వైపు తిరిగి నల్లరంగు ఉందా అని మాత్రం అడిగారు. ఉంది. వేశాను. నాన్న ఇంటి ముందు నిలబెట్టి, సొంత తాత పేరు మీద నల్లరంగు పూస్తావా అని అరిచాడు. తాత పేరు గేటు మీద ఉంది, నేను పూసింది సున్నం మీద అన్నాను. రంగు ఆరాక ఆవిడ అదే సంగతి అక్షరం మార్చకుండా మళ్లీ రాశారు. అది ఆ రోజంతా ఉంది. బాబాయి ఎవరితో ఏం ఆలోచించుకున్నాడో, మళ్లీ దాని జోలికి రాలేదు.

ఆ మర్నాడు ఆవిడే దాన్ని తుడిచేశారు. నాకు ప్రాణం పోయినట్టయింది. ఇంత గొడవపడి రాసింది నాలుగు రోజులు ఉంచితే ఏం పోయింది టీచర్ అన్నాను. ‘ఎవరి మాటకైనా బల్ల మీద ఒక్క రోజేరా. నా మాటకైనా అంతే’ అని, మేస్త్రీ, ఇస్త్రీల సంగతి మొదలుపెట్టారు.

ఆవిడ అంత నియమంగా బతికారు కాబట్టే, పోయాక వీళ్లు చేసింది తలుచుకుంటే ఇప్పటికీ పళ్లు నూరుతున్నాను.

కబురు తెలిసిన గంటకల్లా బాబాయి నా షాపుకు వచ్చాడు. పెద్ద ఫ్లెక్సీ కావాలన్నాడు. పైన తన ఫొటో, పక్కన మరో ఇద్దరు పెద్దలు, మధ్యలో టీచరమ్మ గారు. రాయాల్సింది ఫోన్లో చూపించాడు. ‘మా తండ్రిగారు నిర్మించిన పాఠశాలలో అక్షరజ్యోతి వెలిగించిన మహోన్నత ఉపాధ్యాయినికి అశ్రునివాళి.’ కట్టాల్సిన చోటు కూడా ఆయనే చెప్పాడు. నల్లబల్ల మీదే కట్టాలట. అందరికీ కనపడే చోటు అదేనట.

‘ఆ మొదటి ముక్క తీసెయ్ బాబాయ్. మిగతాది వేస్తాను’ అన్నాను.

‘ఎందుకు తీయాలి?’

‘ఆవిడ ఒప్పుకోలేదు కాబట్టి.’

‘ఒప్పుకోడానికి ఆవిడ ఉందా ఇప్పుడు?’

ఈ మాట ఆయన కోపంగా అనలేదు. లెక్క తేలిపోయినవాడిలా తాపీగా అన్నాడు. బతికున్నప్పుడు ఆవిడ చేత చెప్పించలేని అబద్ధాన్ని, ఆవిడ ఫొటో పెట్టి ఆవిడ చేతే చెప్పించబోతున్నారు. ఊరంతా దండం పెట్టి దాన్ని చదువుతుంది. పదేళ్లు పోతే టీచరమ్మ గారే అలా అన్నారు అంటారు. మిషన్ ఆపేశాను. ఇంటి పేరు గుర్తులేదా అని బాబాయి అడిగాడు. గుర్తుంది, కాని అది రాయడం నాకు నేర్పింది ఆవిడ, ఆ గుప్పెడు జొన్నల గోడల మధ్య కూర్చోబెట్టి నేర్పింది అన్నాను. బాబాయి నన్ను ఎగాదిగా చూసి, నరసరావుపేటలో మిషన్లు లేవా అంటూ స్కూటర్ స్టార్ట్ చేశాడు.

ఉన్నాయి. సాయంత్రానికి ఫ్లెక్సీ వచ్చింది. నల్లబల్ల నాలుగు మూలలూ మూసుకుపోయేలా కట్టారు. దాని కింద ఆవిడ చివరిసారి రాసిన మాటలు ఉన్నాయి. నేను వాటిని చదివాను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ‘చేలో ఉన్నంతవరకే పత్తి. గింజ తీశాక దూది. వడికాక నూలు. నేశాక గుడ్డ. ఒక్కదానికే ఎన్ని పేర్లు పెట్టుకున్నామో చూడండి.’ చెప్పినవారి దగ్గర పాలెంలో రాట్నం తిప్పిన ఆఖరి ముసలమ్మ అని ఉంది. 

మా వైపు మిరపకోతల రోజుల్లో గాలి ఎక్కువ. కల్లాల్లో ఆరబోసిన మిరపకాయల మీద పట్టాలు ఆగవు. ఆ గాలికి ఫ్లెక్సీ బల్లను రుద్దుకుంటూనే ఉంది. షాపులో కూర్చుని ఆ చప్పుడు వింటున్నాను. ఆవిడ చివరి రాతను వాళ్ల నివాళే తుడిచేస్తోంది.

మర్నాడు పాలెం సమాధుల దగ్గర మట్టి చేశారు. ఆ రోజు కోతలకు ఎవరూ వెళ్లలేదు. ఫాదరు గారు ప్రార్థన చేశాక బాబాయి మైకు అడిగి తీసుకున్నాడు. తన తండ్రి వేసిన మొక్క, ఆవిడ పోసిన నీరు అంటూ ఏదో అందుకున్నాడు. పెట్టె పక్కన పాలెం ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. వాళ్లలో మరియమ్మ పెద్దది. కోతల ముఠాకు పెద్ద కూడా ఆమే. చిన్నప్పుడు తల్లి వెంట చర్చికి కుండ మోసింది. ఆమె బాబాయి మాట్లాడుతున్నంతసేపూ ఆయన మొహం వైపే చూసింది. నేను ఆమెనే చూశాను. ఒక్కళ్లైనా నోరు విప్పరేంటని ఆ క్షణంలో వాళ్ల మీద కూడా మండిపడ్డాను. విప్పితే రేపు ఎవరి చేలోకి పోతారో ఆలోచించే ఓపిక నాకు లేకపోయింది. ఆవిడకు ఉండేది.

ఆ తెల్లారి షాపు తీస్తూనే కట్టర్ పట్టుకుని షెల్టరు దగ్గరికి వెళ్లాను. ఆటో ఇంకా రాలేదు. ఆడవాళ్లు అన్నం డబ్బాలతో నిలబడి ఉన్నారు. ఎవరినీ ఏమీ అడగకుండా తాళ్లు కోశాను. ఆవిడ ఫొటో నేల తగలకుండా మరియమ్మ పట్టుకుంది. ఫ్లెక్సీ తీసి చూస్తే బల్ల మీద తెల్లటి మసక తప్ప ఏమీ లేదు. ఆవిడ రాత ఫ్లెక్సీ వెనకవైపు దుమ్ములా అంటుకుని ఉంది. నోటికొచ్చినట్టు తిట్టాను. ఎవర్ని తిట్టానో ఇక్కడ రాయను, అందరికీ తెలుసు. తర్వాత బల్ల తుడిచి, ఆరేదాకా ఆగి, బడి సంగతి రాశాను. గుప్పెడు, కుండ, ఆదివారం, సున్నం, రాళ్లు. ఆవిడ రాసిన మాటలే, నాకు గుర్తున్నంతవరకు. కింద ‘చెప్పినవారు’ అని రాసి, నా పేరు వేయబోయాను.

మరియమ్మ నా చెయ్యి పట్టుకుంది.

‘నువ్వు కాదు బాబూ. నువ్వు చూశావా, మోశావా? ఆమెకి చెప్పింది నేను. ఇటివ్వు.’

సుద్దముక్క తీసుకుంది. వేళ్లు వంకర్లు పోయి ఉన్నాయి. ఆ బడిలోనే నేర్చుకున్న అక్షరాలు, మెల్లగా, ఒక్కోటి ఒక్కో పక్కకు ఒరిగేలా వేసింది. ‘మరియమ్మ.’ సుద్దముక్క పక్కనున్నామె చేతికిచ్చింది. కరుణమ్మ అని రాసింది. తర్వాత రూతు, దీనమ్మ. రాయడం రానామె పక్కామె చేత రాయించి, తన పేరు మీద వేలు పెట్టి అది తనదేనా అని అడిగి మరీ తెలుసుకుంది. ఎవరూ ఏడవలేదు. బ్యాంకులో సంతకం పెట్టినంత జాగ్రత్తగా పెట్టారు. బల్ల మీద జాగా అయిపోయి పేర్లు పక్కనున్న సిమెంటు గోడ మీదికి ఎక్కాయి.

ఆటో వచ్చింది. దాని వెనకే బాబాయి వచ్చాడు, కూలీలు ఇంకా చేలోకి రాలేదేంటని. కింద పడున్న ఫ్లెక్సీని, బల్లని, నన్ను చూశాడు. ఎవరు రాయించారే ఇదంతా అని అరిచాడు.

‘కిందుంది. చదువుకోండయ్యా’ అంది మరియమ్మ.

బాబాయి చదివాడు. ఆయన పెదవులు కదలడం నాకు కనపడింది. ఇంతమంది తన చేలో ఇన్నేళ్లు వంగి కోసినా, వీళ్లలో సగం మంది పేర్లు ఆయనకు తెలియవని నాకు ఆ క్షణంలో అర్థమైంది. ఇక నా చేలో అడుగుపెట్టొద్దు అనబోయినట్టున్నాడు, సగంలో ఆగిపోయాడు. కాయ పండి చెట్ల మీద ఉంది. ఊళ్లో ఎవరికీ కూలీలు దొరకడం లేదు.

‘రమ్మంటే వస్తాం. వద్దంటే పక్క చేలో కోస్తాం. పేర్లు మాత్రం చెరపం’ అంది మరియమ్మ. ఆమె గొంతు పెంచలేదు. 

బాబాయి స్కూటర్ తిప్పుకున్నాడు. వెళుతూ, ఎండెక్కుతోంది, తొందరగా రండి అన్నాడు. ఆ మాట కూడా ఎవరి వైపూ చూడకుండా అన్నాడు.

అందరికన్నా చిన్నదైన సువార్త ఇంకా గోడ దగ్గరే ఉంది. ఆటోవాడు హారన్ కొట్టాడు. ‘సువా’ దాకా రాసి, సుద్దముక్క నా చేతిలో పెట్టి పరిగెత్తింది. సాయంత్రం ఆటో ఆగగానే మొదట దిగింది తనే. పొద్దుట్నుంచి కాయలు కోసిన చేతులు, వేళ్లు ఎర్రబడి మండుతున్నాయని ఊదుకుంటోంది. షాపులోకి వచ్చి సుద్దముక్క అడిగి తీసుకుని, మిగిలిన అక్షరం రాసి, కొంచెం వెనక్కి జరిగి చూసుకుని ఇంటికి వెళ్లింది.

మర్నాడు పొద్దున్నే తడిగుడ్డతో బల్ల తుడిచాను. మనసొప్పలేదు, అయినా తుడిచాను. ఎవరి మాటకైనా ఒక్క రోజే అన్నారు ఆవిడ. కాని ఆ నియమం బల్లకే, గోడకు కాదు. గోడ మీదికి ఎక్కిన పేర్లను నేను ముట్టుకోలేదు. అన్నిటికన్నా చివర సువార్త ఉంది. ఆ ఆఖరి అక్షరం పక్కన, గోడకు చెయ్యి ఆనించిన చోట, మిరపకాయ ఎరుపులో ఒక వేలిముద్ర ఉంది.